జీతం లేని ప్రేమ: ఆర్ట్ మ్యూజియం ఇంటర్న్‌షిప్‌పై కొన్ని ప్రశ్నలు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల పనిహక్కు అనగానే మనకు బీడీ కార్మికులు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు గుర్తుకొస్తారు. ఆర్ట్ మ్యూజియంలో ఇంటర్న్‌షిప్ కోసం దరఖాస్తు పెట్టుకునే అమ్మాయి గుర్తుకు రాదు. అది ఇంగ్లీషు చదువులు చదివిన, కలిగిన ఇళ్ల పిల్లల వ్యవహారం అనుకుంటాం. చాలావరకు అది నిజమే. అయితే అది వాళ్ల వ్యవహారంగానే ఎందుకు మిగిలిపోయిందన్నదే ఇవాళ నేను మీ ముందు పెట్టదలచుకున్న ప్రశ్న.

మ్యూజియం పాత వస్తువులు దాచే గది మాత్రమే కాదు. ఏది కళ, ఏది చేతిపని, ఎవరి పేరు రాయాలి, ఎవరి పేరు అక్కర్లేదు అన్నవి నిర్ణయించే చోటు అది. 1989లో గెరిల్లా గర్ల్స్ అనే స్త్రీవాద కళాకారుల బృందం న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం మీద ఒక పోస్టర్ వేసింది. అక్కడి ఆధునిక కళా విభాగాల్లో స్త్రీ కళాకారులు 5 శాతం కూడా లేరు, కానీ నగ్న చిత్రాల్లో 85 శాతం స్త్రీలవే అని వాళ్లు లెక్క తీసి చూపించారు. గోడ మీద బొమ్మగా స్త్రీకి ఎప్పుడూ చోటుంది. ఆ బొమ్మను ఎంచే బల్ల దగ్గరే చోటు లేదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. 2015లో మెల్లన్ ఫౌండేషన్ అమెరికా ఆర్ట్ మ్యూజియంల సిబ్బందిని సర్వే చేస్తే స్త్రీలు 60 శాతం ఉన్నారు. అయితే క్యూరేటర్లు, కన్జర్వేటర్లు, విద్యావిభాగం వాళ్లు, పై అధికారులను కలిపి చూస్తే 84 శాతం తెల్లవాళ్లే. అంతకు ముందు సంవత్సరం, 2014లో, మ్యూజియం డైరెక్టర్ల మీద వచ్చిన అధ్యయనంలో కోటీ 50 లక్షల డాలర్లకు పైబడిన బడ్జెట్ ఉన్న మ్యూజియంలలో స్త్రీ డైరెక్టర్లు 24 శాతమే. అప్పట్లో వాళ్లకు అదే స్థాయి పురుషుడి ప్రతి డాలరుకీ 71 సెంట్లు ముట్టేవి. అంటే స్త్రీలు లోపలికి వచ్చారు. కానీ ఏ స్త్రీలు వచ్చారు, ఎంత ఎత్తుకు వెళ్లగలిగారు అన్నవి వేరే ప్రశ్నలు.

ఈ లోపలికి వచ్చే దారిలో మొదటి గుమ్మం ఇంటర్న్‌షిప్. ముందు ఎక్కడో ఒక మ్యూజియంలో పనిచేసిన అనుభవం లేకపోతే ఉద్యోగం దొరకడం కష్టం. ఆ అనుభవమేమో చాలా చోట్ల జీతం లేకుండానే సంపాదించుకోవాలి. దరఖాస్తులో మామూలుగా అడిగేవి ఇవి: చదువు వివరాలు, ఇద్దరు అధ్యాపకుల సిఫారసు ఉత్తరాలు, కళ మీద ఆసక్తి గురించి ఒక వ్యాసం. చూడటానికి ఇందులో వివక్ష ఏమీ కనపడదు. కానీ ఫారంలో రాయని ప్రశ్న ఒకటుంది. రెండు మూడు నెలలు పెద్ద నగరంలో అద్దె కట్టుకుని, తిండి ఖర్చు పెట్టుకుని, ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా ఉండగలవా? ఉండగలిగిన వాళ్లే సంతకం పెడతారు. మిగతావాళ్లు దరఖాస్తు దాకానే రారు. అందుకే వాళ్లను తిరస్కరించినట్టు ఏ రికార్డులోనూ ఉండదు.

ఆ వ్యాసం సంగతి కూడా చూడండి. తనకు కళంటే ఎంత ప్రేమో అమ్మాయి అందులో రాయాలి. జీతం ఎంతని అడిగితే ఆ ప్రేమను అనుమానిస్తారు. ఈ తర్కం మనకు కొత్తది కాదు. వంట ప్రేమ, పిల్లల పెంపకం ప్రేమ, రోగులకు సేవ ప్రేమ. ప్రేమ అన్న చోట కూలి మాట ఎత్తకూడదని పితృస్వామ్యం మనకు ఎప్పటినుంచో నేర్పింది. మ్యూజియం ఆ పాఠాన్నే మంచి కాగితం మీద అచ్చువేసి ఇస్తోంది.

అమెరికాలో లాభాపేక్ష ఉన్న కంపెనీలు ఇంటర్న్‌లను ఊరికే పనిచేయించుకుంటే కోర్టులో జవాబు చెప్పుకోవలసి రావచ్చు. మ్యూజియంలు ఎక్కువగా లాభాపేక్ష లేని సంస్థలు కాబట్టి స్వచ్ఛంద సేవ పేరుతో తప్పించుకోగలిగాయి. విమర్శలు పెరిగాక 2019లో ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం ఇంటర్న్‌లకు జీతం ఇవ్వాలని సభ్య సంస్థలను కోరుతూ తీర్మానం చేసింది. 1870లో పుట్టిన మెట్రోపాలిటన్ మ్యూజియం, ఇంటర్న్‌లందరికీ జీతం ఇస్తామని 2020లో ప్రకటించింది. అదీ ఒక దాత 50 లక్షల డాలర్లు ఇచ్చాక. హక్కుగా రావలసినది దానంగా వచ్చింది. ఈ తేడాను మనం గుర్తుంచుకోవాలి.

జీతం లేకపోవడమంటే డబ్బు లేకపోవడం మాత్రమే కాదు. 1997లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒక ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఇంటర్న్‌గా ఉన్న విద్యార్థిని, అక్కడి డాక్టరు తనను లైంగికంగా వేధించాడని ఫిర్యాదు చేసింది. ఆమెకు ఆ సంస్థ ప్రతిఫలం ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఆమె ఉద్యోగి కాదు, ఉద్యోగి కాదు కాబట్టి ఉద్యోగ వివక్ష చట్టం ఆమెకు వర్తించదు అని కోర్టు చెప్పింది. చేసిన పనికి ఒకసారి, పడిన అవమానానికి మరోసారి, రెండుసార్లు ఆమె లెక్కలోంచి జారిపోయింది.

సరిగ్గా అదే 1997లో మన సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు వెనక ఉన్న భన్వరీ దేవి ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో ఆమె సాథిన్. బాల్యవివాహాన్ని ఆపడానికి ప్రయత్నించినందుకు 1992లో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. సాథిన్‌కు ఇచ్చింది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమె చేసింది ప్రభుత్వ పనే అయినా ఆమెను ప్రభుత్వ ఉద్యోగిగా చూడలేదు. ఆ పోరాటం నుంచి వచ్చిన 2013 చట్టం ఉద్యోగి అన్న మాటను చాలా విశాలంగా నిర్వచించింది. జీతం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేసినా, ట్రైనీ అన్నా, అప్రెంటిస్ అన్నా, మరే పేరుతో పిలిచినా ఆమె ఉద్యోగే. మ్యూజియంలో ఇంటర్న్‌గా చేరిన అమ్మాయికి ఈ రక్షణ ఒక గ్రామీణ కుమ్మరి స్త్రీ పోరాటం నుంచి వచ్చింది. దీన్ని ఆ అమ్మాయికి ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకే దరఖాస్తు పెట్టే అమ్మాయిలకు నేను చెప్పేది ఇది. వ్యాసం రాసే ముందు కొన్ని ప్రశ్నలు రాసుకోండి. స్టైపెండ్ ఎంత, ఎప్పుడిస్తారు? రోజుకు ఎన్ని గంటలు, ఏం పని? ఎవరి కింద పనిచేయాలి? ప్రారంభోత్సవాల రాత్రి ఆలస్యమైతే ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది? నేను రాసిన కేటలాగులో నా పేరు ఉంటుందా? అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు ఎక్కడ పెట్టారు? జవాబులు కాగితం మీద అడగండి. ఇవి అడిగితే అవకాశం పోతుందేమోనన్న భయం నిజమైనదే. ఒంటరిగా అడిగితే పోవచ్చు కూడా. అందుకే కాలేజీ తరఫున, సంఘం తరఫున కలిసి అడగాలి.

ఇక్కడున్న మీలో కొందరు ఆ కమిటీల్లో బయటి సభ్యులుగా ఉన్నారు. పదిమంది, అంతకు పైగా పనిచేసే ప్రతి చోటా కమిటీ ఉండాలి, అందులో స్త్రీల సంస్థల నుంచో ఈ సమస్యలు తెలిసినవాళ్ల నుంచో ఒకరుండాలి అని చట్టం చెబుతోంది. ఫిర్యాదుకు గడువు 3 నెలలు. తగిన కారణం ఉంటే మరో 3 నెలలు పొడిగించవచ్చు. చాలా ఇంటర్న్‌షిప్‌లు ఆ గడువులోపే ముగిసిపోతాయి. అమ్మాయి ఊరెళ్లిపోతుంది, ఆమెకు సర్టిఫికెట్టు ఇంకా రావాలి. చేరిన మొదటి రోజే ఆమెకు కమిటీ గురించి చెప్పారా అని మీరు అడగండి.

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. మెట్రోపాలిటన్ మ్యూజియంలో గోల్కొండ ప్రాంతానికి చెందిన 17వ శతాబ్దపు కలంకారీ రుమాలు ఒకటుంది. దాన్ని గీసిన, అద్దిన, ఉతికిన చేతుల పేర్లు మనకు దక్కలేదు. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ బట్ట మీద రంగులు నింపుతున్నవాళ్లలో ఎంతోమంది స్త్రీలున్నారు. వాళ్ల కూతురు చదువుకుని మ్యూజియంలోకి వస్తే ఆ బట్ట పక్కన ఉండే చీటీ వేరేలా రాస్తుంది. ఏ రంగు ఏ వేరు నుంచి వస్తుందో, ఏ నీటిలో ఉతికితే నిలుస్తుందో ఆమెకు ఇంట్లోనే తెలుసు. దరఖాస్తు ఫారంలో ఆ జ్ఞానానికి గడి లేదు. ఆ ఫారం ఆమె దాకా చేరినా, మూడు నెలల కూలి వదులుకోమంటుంది. జీతం ప్రశ్న చివరికి ఎవరి చరిత్ర ఎవరు రాయాలన్న ప్రశ్న అవుతుంది.

చివరగా, మన ఇంటి సంగతి. మన స్వచ్ఛంద సంస్థల్లో, పత్రికల్లో, పరిశోధనా కేంద్రాల్లో అమ్మాయిలు అనువాదాలు చేస్తారు, సర్వేలకు తిరుగుతారు, రాత్రుళ్లు నివేదికలు టైపు చేస్తారు. ఉద్యమం కదా అంటాం. ప్రేమ కదా అన్న మాటకూ దీనికీ తేడా ఎంత? వచ్చే ప్రాజెక్టు బడ్జెట్ రాసేటప్పుడు ప్రయాణ ఖర్చుల పక్కనే ఇంటర్న్ స్టైపెండ్ అని ఒక వరస చేర్చండి. నిధులిచ్చేవాళ్లు కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో రాతపూర్వకంగా అడుగుదాం. దీని మీద మీ అభిప్రాయాలు, అభ్యంతరాలు వినాలని ఉంది. చర్చ మొదలుపెట్టండి.