ముందు ఏం చేస్తారు, డాక్టర్?



ఈరోజు ఎం.డి.ఎస్. పట్టా అందుకున్న మీకు మూడేళ్ల పీజీ, థీసిస్, వైవా అన్నీ అయ్యాయి. ఇక పరీక్షల పీడ వదిలిందనుకుంటున్న మొహాలు నాకు ఇక్కణ్నుంచి బాగానే కనిపిస్తున్నాయి. పాపం, ఆ సంతోషం కాస్త చెడగొట్టక తప్పదు. ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీ చేసినవాళ్లలో కొందరు ఇండియన్ బోర్డు ఫెలోషిప్‌కు కూర్చుంటారు. అమెరికా వెళ్లి రెసిడెన్సీ పూర్తిచేసేవాళ్లకు 1946లో ఏర్పడిన అక్కడి బోర్డు ఉంది. అక్కడ రాతపరీక్ష గట్టెక్కితేనే మౌఖికానికి పిలుపు. రాతపరీక్ష సంగతి మీకు నేను చెప్పేదేముంది, నీట్ నుంచీ మీ పని అదేగా. నేను మౌఖికం గురించే మాట్లాడతాను.

ఎగ్జామినర్ ఒక కేసు చెబుతాడు: "ఏడేళ్ల పిల్లాడు మెట్ల మీద బోర్లా పడ్డాడు. గడ్డం కింద చీలింది. ఏం చేస్తారు?" బాగా చదివిన కుర్రాడు వెంటనే కాండైల్ ఫ్రాక్చర్ల వర్గీకరణ ఎత్తుకుంటాడు. దాన్నెవరు అడిగారు? ముందు ఎయిర్‌వే, రక్తస్రావం, తలకూ మెడకూ దెబ్బ తగిలిందేమో చూడాలి. ఆ తర్వాత చెవుల ముందు వేళ్లు ఆనించి, పిల్లాణ్ని నోరు తెరవమనాలి. పళ్లు సరిగ్గా కలుస్తున్నాయా? గడ్డం ఒక పక్కకు జరుగుతోందా? జరిగితే సాధారణంగా విరిగిన వైపుకే జరుగుతుంది. గడ్డం మీద పడ్డ దెబ్బ చెవి దగ్గర ఎముకను విరుస్తుందన్న సంగతి మరిచి, కుట్లు వేసి ఇంటికి పంపేసిన పిల్లలు కొందరు కొన్నేళ్లకు మన ఓపీకే వస్తారు. అప్పటికి కీలు అతుక్కుపోయి ఉంటుంది. నోట్లోకి వేలు పట్టదు, కింది దవడ ఎదగదు, నిద్రలో ఊపిరి ఆడదు. ఆపరేషన్ చేద్దామంటే మత్తు డాక్టరు ముక్కులోంచి ఫైబర్ఆప్టిక్ స్కోపుతో గొట్టం వేయాల్సి వస్తుంది. మొదటి రోజే పట్టుకుని, దవడలు ఎక్కువకాలం కట్టేయకుండా త్వరగా నోరు కదిలించే వ్యాయామం మొదలుపెట్టి ఉంటే చాలామందికి ఈ అవస్థ తప్పేది. ఈ వరసంతా మీ నోట వినాలనే ఎగ్జామినర్ ఆ ఒక్క ప్రశ్న వేస్తాడు.

వర్గీకరణలు వద్దనడం లేదు. రెనె లెఫోర్ట్ 1901లో శవాల తలల మీద దెబ్బలు కొట్టి గుర్తించిన, ముఖం ఎముకలు విరిగే గీతలు ఇప్పటికీ మనకు పనికొస్తున్నాయి. కాకపోతే హెల్మెట్ లేకుండా బైకు మీంచి పడ్డవాడి సీటీలో ఒక వైపు ఒక గీత, రెండో వైపు ఇంకో గీత కనిపిస్తాయి. లుడ్విగ్స్ ఆంజైనాతో పడుకోలేక, ముందుకు వంగి చొంగ కారుస్తున్న మనిషి విషయంలో ఎయిర్‌వే మాట ఎత్తకుండా యాంటీబయాటిక్ మోతాదుతో జవాబు మొదలుపెడితే పరీక్ష అక్కడితో సరి. గుట్కాతో నోరు బిగుసుకుపోయినవాడికి ఆపరేషన్ ఎలా చేయాలో అందరూ చెబుతారు. బయాప్సీ మాట, వక్క మాన్పించే మాట సగంమంది ఎత్తరు.

అందుకే వాట్సాప్‌లో తిరిగే నోట్సు కంటే మీ లాగ్‌బుక్కే మంచి పుస్తకమంటాను. మీరు చూసిన కేసులే, ముఖ్యంగా అడ్డం తిరిగినవి తీసి, మొదటి పది నిమిషాల్లో ఏం చేయాలో పైకి చెప్పండి. మనసులో చదువుకుంటే అన్నీ వచ్చినట్టే ఉంటుంది, నోరు తెరిస్తే తెలుస్తుంది.

ఇంకో మాట. మీ గురువుల ప్రశ్నలు మూడేళ్లలో మీకు అలవాటైపోయాయి. ఒక ఆదివారం అనస్థీషియా చేసిన స్నేహితుణ్నో, ఈఎన్‌టీ వాళ్లనో పిలిచి కేసు చెప్పి, మధ్యలో అడ్డు తగలమనండి. మీకు అయ్యే ఖర్చు ఒక బిర్యానీ. వాళ్లు అడిగినవన్నీ రాసిపెట్టుకుని, పై ఆదివారం ఇంకొకరిని పిలవండి.