సంతకం కన్నా ముందు

ఈ రోజు పట్టాలు అందుకున్న యువ వైద్యులకు, నర్సులకు, ఆప్టోమెట్రిస్టులకు అభినందనలు. స్నాతకోత్సవ వేదిక మీద పెద్దపెద్ద విషయాలు మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం మన దేశంలో రోజూ వేలమందికి జరిగే కంటి శుక్లాల ఆపరేషన్ గురించి, దానికి ముందు రోగితో మాట్లాడాల్సిన నాలుగు మాటల గురించి చెబుతాను. రోగికి విషయం తెలియజెప్పడం కూడా చికిత్సలో భాగమే, అది జరగని ఆపరేషన్ సగం చికిత్సే అన్నది నా వాదన.

ఈ వైద్యం ఎంత దూరం వచ్చిందో మీకు తెలుసు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంట్లో కృత్రిమ లెన్స్ అమర్చారు. 1967లో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని పొడిచేసి తీసే ఫేకో పద్ధతిని తెచ్చారు. 1992లో మదురైలో లెన్సులు తయారుచేసే ఆరోల్యాబ్ మొదలయ్యాక లెన్స్ ధర పేదలకు అందుబాటులోకి వచ్చింది. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో జనం దగ్గరికే కంటి పరీక్షలు వెళ్లాయి. కానీ పరికరం వెళ్లినంత వేగంగా సమాచారం వెళ్లలేదు. ‘పొర ముదరనీ, అప్పుడు తీయిద్దాం’ అన్న మాట ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకప్పుడు డాక్టర్లే చెప్పిన మాట అది. ఆనాటి పద్ధతికి అది అవసరం. ఇప్పుడు శుక్లం ముదిరేకొద్దీ రాయిలా గట్టిపడి, దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ శక్తి వాడాల్సి వస్తుంది, ఆ ఒత్తిడి కార్నియా మీద పడుతుంది. మరీ ముదిరితే నీటికాసుల జబ్బుకూ దారితీయవచ్చు. అందుకని శుక్లం కనబడగానే కోయాలనీ కాదు; రోజువారీ పనికి చూపు అడ్డమైనప్పుడు చేయించుకోవాలి. ‘లేజర్ ఆపరేషన్’ అన్న మాటా ఇలాంటిదే. ఫేకో అంటే లేజర్ కాదు. నిజంగా లేజర్ వాడే పద్ధతిని ఫ్రాన్స్‌లో ఫేకోతో పోల్చి చూసి 2020లో ఫలితాలు ప్రకటించారు. అదనపు మేలు తేలలేదు, ఖర్చు మాత్రం పెరిగింది. ఇది తెలియని కుటుంబం అప్పు చేసి మరీ ఆ పేరుకు డబ్బు కడుతుంది.

సమాచారం డాక్టర్ నుంచి రోగికే కాదు, రోగి నుంచి డాక్టర్‌కూ రావాలి. అమెరికా, కెనడాల్లో సుమారు 19 వేల శుక్లాల ఆపరేషన్లను పరిశీలించిన అధ్యయనం 2000లో వెలువడింది. అవసరం ఉన్నా లేకున్నా అందరికీ చేసే రొటీన్ పరీక్షల వల్ల ఇబ్బందులేమీ తగ్గలేదని అందులో తేలింది. పరీక్షల చీటీల కట్ట చేయలేని పని ఒక్కోసారి ఒక్క ప్రశ్న చేస్తుంది. ప్రోస్టేట్ సమస్యకు టామ్సులోసిన్ బిళ్లలు వేసుకునే పెద్దాయన ఆ సంగతి కంటి డాక్టర్‌కెందుకని చెప్పడు. ఆపరేషన్ మధ్యలో ఆయన కనుపాప ఉన్నట్టుండి చిన్నదైపోతుంది, ఐరిస్ వదులై రెపరెపలాడుతూ కోత దగ్గరికి కొట్టుకొస్తుంది. ముందే తెలిస్తే సర్జన్ తగిన మందుతో, కొక్కేలతో సిద్ధంగా ఉంటాడు. బిళ్ల మానేస్తే చాలనుకోవడానికీ లేదు, మానేసినా ఆ ప్రభావం మిగలవచ్చు. రక్తం పలచబరిచే మందులు, గతంలో కంటికి తగిలిన దెబ్బ, అద్దాలు పోవడానికి చేయించుకున్న లేసిక్, ఇవన్నీ అడిగితేనే బయటపడతాయి. లేసిక్ సంగతి దాగిపోతే లెన్స్ పవర్ లెక్కే తప్పుతుంది.

ఇక రోగి ఆశించేది. మామూలు మోనోఫోకల్ లెన్స్‌ను దూరపు చూపుకు సరిపెడితే, చార్టులో చివరి వరుస చదివిన మనిషి కూడా బియ్యంలో రాళ్లు ఏరడానికి చత్వారం అద్దాలు వెతుక్కోవాలి. ముందుగా చెప్పకపోతే, బాగా జరిగిన ఆపరేషన్ కూడా ఆ మనిషి లెక్కలో చెడిపోయినట్టే. మల్టీఫోకల్ లెన్స్ వేయించుకుంటే రాత్రి దీపాల చుట్టూ వలయాలు కనబడవచ్చు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని ఉంటే లెన్స్ మార్చినా ఆ లోటు తీరదు. నెలలో ఏళ్లో గడిచాక చూపు మళ్లీ మసకబారితే, లెన్స్ వెనక పొర మందమైందేమో చూసి యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేయవచ్చు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా అదే రోజు ఆస్పత్రికి రావాలి. లోపల ఇన్ఫెక్షన్ రావడం అరుదు, వస్తే మాత్రం గంటలు కూడా విలువైనవే.

‘ఇంత చెప్పే తీరిక ఎక్కడిది?’ అంటారు. నిజమే, ఓపీ గది బయట వరుస తరగదు. అయితే ఇదంతా సర్జనే చెప్పాలని లేదు. అరవింద్ కంటి ఆస్పత్రి ఈ పనికే కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చి, రద్దీ మధ్యే దీన్ని నడుపుతోంది. ‘ప్రమాదాలు చెబితే భయపడి వెళ్లిపోతారు’ అన్నది రెండో అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం, కొందరు వెనక్కి తగ్గవచ్చు. కానీ దాచిపెడితే భయం పోదు, ఆపరేషన్ తర్వాతికి వాయిదా పడుతుంది. అప్పుడు కన్ను ఎర్రబడినా ‘ఇది మామూలేలే’ అని ఇంట్లో కూర్చునే ప్రమాదం ఉంది. ‘చదువు రానివాళ్లకు అర్థం కాదు’ అన్నది మూడోది. అర్థమయ్యేలా చెప్పడం రోగి బాధ్యత కాదు, మనది. విన్నది తిరిగి చెప్పమంటే అర్థమైందో లేదో వెంటనే తెలుస్తుంది.

సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, రోగికి తగినంత సమాచారం ఇచ్చి తీసుకున్నదే నిజమైన సమ్మతి అని స్పష్టం చేసింది. చట్టం అడిగేది కనీసం మాత్రమే. మిమ్మల్ని నేను అంతకన్నా కొంచెం ఎక్కువ అడుగుతున్నాను: ఆపరేషన్ ఎందుకో, ఏ లెన్స్ వేస్తున్నారో, ఏం జరిగితే తిరిగి రావాలో రోగి తన నోటితో చెప్పేదాకా సమ్మతి పత్రం ముందుకు జరపకండి.