మందు మారినప్పుడెల్లా మనము మారితిమా?
(శతాబ్ది సభలలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను, కాపరిని. రోగుల ప్రక్కన కూర్చుండి నేర్చుకొనిన ఒక్క సంగతిని మీ ముందుంచెదను.

కుష్ఠువ్యాధి సేవను జ్ఞాపకము చేసికొనుడి. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ సేవచేసిన దినములలో మందనగా చాల్మోగ్రా నూనె. ఆ సూది బాధాకరము. రోగులు ఏండ్ల తరబడి అక్కడనే ఉండవలసి వచ్చెడిది. తరువాత డాప్సోన్ బిళ్లలు వచ్చినవి. ఇంటనుండియే మందు మ్రింగవచ్చును. 1955లో ప్రభుత్వ నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది. పనివారు ఊరూరా తిరిగిరి. డాప్సోన్‌కు లొంగని క్రిములు కనబడగా, 1980లలో రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్‌లను దానితో కలిపి ఇచ్చు చికిత్స వచ్చినది. 2005 డిసెంబరు నాటికి దేశములో రోగుల సంఖ్య పదివేలమందికి ఒకరికంటె తగ్గినది. అప్పటికే ఈ సేవ సాధారణ ఆరోగ్య కేంద్రములలో కలిసిపోయినది.

ప్రతి మార్పును మేలుకే వచ్చినది. అయితే ప్రతిసారి కొంత జ్ఞానము చేజారినది.

మా సంఘములో ఒక ఆటో డ్రైవరు మోచేతి మచ్చకు రెండేండ్లు తామర మందు వ్రాసికొనెను. చూపించుకొనిన చోట ఎవరును గుర్తింపలేదు. ఒక ఆదివారము, పదవీ విరమణ చేసిన కుష్ఠు కార్యకర్త ఒకరు చర్చి ఆవరణలో అతనిని కన్నులు మూసికొమ్మని, మచ్చపై దూదితో తాకిరి. స్పర్శ లేదు. అప్పటికే చిటికెన వ్రేలు వంగినది.

"ఈ పని మీరు కొత్తవారికి నేర్పలేదా?" అని అడిగితిని.

"నన్నెవరూ అడగలేదు అయ్యగారూ" అనిరి.

సోదరులారా, ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. 2023లో సైతము మన దేశములో లక్షకు పైగా కొత్త రోగులు కనుగొనబడిరి.

కనుక నా మనవి ఇది. మూడు నెలలకొకసారి అధికారి, నర్సు, ఊళ్లు తిరుగు కార్యకర్త, బాగుపడిన రోగి ఒకే చాపమీద కూర్చుండవలెను. ఏమి చూచితిమి? ఏమి చూడకపోతిమి? రేపటినుండి ఏమి మార్చెదము? జవాబులు వ్రాసి, మరుసటి కూటములో మొదట వాటినే చదువవలెను. పదవి విడుచువారు తమ విద్యను మరొకరి చేతిలో పెట్టి వెళ్లవలెను.

నిందకు భయపడు చోట ఎవరును తప్పు ఒప్పుకొనరు. తప్పును భయములేక చెప్పుకొను స్థలము ఏర్పరచుట పెద్దల పని.

ఆ పెద్దాయన నేడు ఈ సభలోనే వెనుక వరుసలో ఉన్నారు. వెళ్లకముందు ఆయనను అడుగుడి.