బిట్ల పుస్తకము – మూలగ్రంథము



హైదరాబాదు పాతబస్తీకి ఎదురుగా, మూసీనది ఆవలియొడ్డున, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమున్నది. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా వెలసిన ఆ సంస్థకు నేడు యువతీయువకులనేకులు ఉద్యోగపరీక్షలకు చదువుకొనుటకై వచ్చుచుందురు. అట్టి పరీక్షలకు చదువువారి చేతులలో తరచుగా కనిపించునది బిట్ల పుస్తకము. ఒక ప్రశ్న, దానిక్రింద నాలుగు జవాబులు, అందు సరియైనది ఒక్కటి. దీనినే బహుళైచ్ఛిక ప్రశ్న యందురు.

ఒకే జవాబుపత్రమునకు వేర్వేరు ఉపాధ్యాయులు వేర్వేరు మార్కులు వేయుట గమనించి, అమెరికాలో ఫ్రెడరిక్ కెల్లీ అను విద్యావేత్త 1915 ప్రాంతమున ఈ విధమైన ప్రశ్నలను పఠనపరీక్షలో ప్రవేశపెట్టెను. ఇందు దిద్దువాని ఇష్టానిష్టములకు తావులేదు. దస్తూరి బాగులేదని మార్కులు తగ్గవు. వేలమంది పత్రములను కొద్దికాలములోనే దిద్దవచ్చును. అండలేని బీదబిడ్డకు ఇది చిన్న మేలు కాదు.

అయితే ఇందు లోపమును కలదు. ఏమియు చదువనివాడు 100 ప్రశ్నలకు కన్నులు మూసికొని గుర్తులు పెట్టినను సగటున 25 తగులును. అందుకే కొన్ని పరీక్షలలో ఒక్కొక్క తప్పునకు మార్కులో మూడవవంతు తగ్గింతురు. 75 తప్పులకు 25 మార్కులు పోగా వానికి మిగులునది సున్న.

అంతకంటె పెద్ద నష్టము మరొకటి. "చార్మినారును కట్టిన సంవత్సరమేది?" అని ప్రశ్న. 1518, 1591, 1687, 1724 అని నాలుగు జవాబులు. 1591 అని బట్టీపట్టినవానికి మార్కు వచ్చును. కాని తక్కినవి వట్టి అంకెలేనా? 1518 గోలకొండలో కుతుబ్‌షాహీల యేలుబడి మొదలైన యేడు. 1687 ఔరంగజేబు గోలకొండను గెలిచిన యేడు. 1724 ఆసఫ్‌జాహీల పాలన ఆరంభమైన యేడు. ఇక్కడ తప్పైన జవాబు వేరొక ప్రశ్నకు ఒప్పైన జవాబు! ఆ మూడింటిని గూడ తెలిసికొన్నవానికి రెండువందల యేండ్ల చరిత్ర చేజిక్కును. ప్రశ్నను త్రిప్పి యడిగినను వాడు తడబడడు.

ఆ కథ బిట్ల పుస్తకములో దొరకదు, చరిత్రగ్రంథములో దొరకును. పైరుకు తెగులు సోకిననాడు, ప్రోనోటుపై వ్రేలిముద్ర అడిగిననాడు, నాలుగు జవాబులు అచ్చువేసి ముందుంచువారుండరు. అప్పుడు ఆదుకొనునది చదివి గ్రహించిన జ్ఞానమే.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు బల్లపై బిట్ల పుస్తకము ఉండవలసినదే. దాని ప్రక్కనే మూలగ్రంథమును ఉండవలెను. ఒప్పును గుర్తించిన పిల్లవాడు, తక్కిన మూడును ఏల తప్పో వెదకుటకై ఆ రెండవ పుస్తకమును తెరచిననాడే గ్రంథాలయస్థాపకుల శ్రమ ఫలించినట్లు.