అరవై నిండితే పేరు కొట్టేయడమేనా?

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు చెప్పుకుంటాం. ఈసారి మా సంఘం చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలని మేమంతా తీర్మానం చేసుకుని వచ్చాము.

మా సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న పెద్దమ్మ ఒకావిడ ఉంది. నెలకు ముప్పై రూపాయలు కట్టిన రోజుల నుంచి ఒక్క మీటింగు మానలేదు. ఆమెకు అరవై నిండాయి. బ్యాంకు అప్పు దగ్గర వయసు అడ్డం వస్తుందని మేమే కూర్చుని, "పెద్దమ్మా, నీ బదులు కోడలిని చేర్చుకుంటాం" అన్నాం. "మీ ఇష్టం అమ్మా" అంది. పొదుపు డబ్బు లెక్కకట్టి ఇచ్చేశాం, పుస్తకంలో పేరు కొట్టేశాం. పద్ధతి ప్రకారమే చేశామనుకున్నాం.

తర్వాత ఆమె బయటకు రావడం తగ్గింది. కోడలిని అడిగితే "బాగానే ఉంది, వయసు గదా" అనేది. మేమూ అదే అనుకున్నాం. ఒకరోజు నీళ్ల బిందె ఎత్తబోయి దొడ్లో పడిపోయింది. దేవుడి దయవల్ల ఎముక విరగలేదు. కానీ ఆసుపత్రిలో చూస్తే బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు. చూడ్డానికి వెళ్తే, "ఆర్నెల్ల నుంచి బిందె బరువుగానే ఉందమ్మా, చెప్పుకోడానికి నాకు మీటింగు ఏదీ?" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత ఆరోగ్య శిక్షణలో మేము ఇదే సంగతి అడిగాం. అక్కడ తెలుసుకున్నవి మీకూ చెప్పాలి.

మన దేశంలో వయసు మళ్లినవాళ్ల మీద "లాసీ" అనే పెద్ద సర్వే జరిగింది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఆధ్వర్యంలో 2017-18లో 72 వేల మందికి పైగా ఇళ్లకు వెళ్లి అడిగారు. 45 ఏళ్లు నిండినవాళ్ల నుంచే మొదలుపెట్టారు. బీపీ, కంటిచూపు చూశారు. కొంచెం దూరం నడిపించి ఎంతసేపు పట్టిందో రాసుకున్నారు. చేతికి ఒక పరికరం ఇచ్చి గట్టిగా పిండమన్నారు. ఎవరితో ఉంటున్నారు, దిగులుగా ఉంటోందా అని కూడా అడిగారు. ముసలితనం మీద పరిశోధన అంటే మందుల సంగతే అనుకున్నాం మేము. ఒళ్లు, మనసు, ఇల్లు మూడూ కలిపి చూస్తారని అప్పుడు తెలిసింది.

చెయ్యి పిండమనడం ఎందుకంటే, మన దేశంతో సహా 17 దేశాల్లో దాదాపు 1 లక్షా 40 వేల మందిని నాలుగేళ్లపాటు గమనించి 2015లో ఒక పరిశోధన వెలువరించారు. చేతి పట్టు తక్కువగా ఉన్నవాళ్లలో చావులు, గుండెజబ్బు చావులు ఎక్కువగా కనిపించాయి. పట్టు తగ్గడమే జబ్బు అని కాదు. ఒంట్లో ఏదో తగ్గుతోందని చెప్పే గుర్తు అది. మన ఇళ్లలో చూస్తే బిందె బరువెక్కడం, డబ్బా మూత రాకపోవడం, తడిబట్ట పిండలేకపోవడం. పక్కన కూర్చునేవాళ్లకే ఇవి ముందు తెలుస్తాయి. మేము పెద్దమ్మను పక్కన కూర్చోనివ్వలేదు.

పోయిన బలం తిరిగి రాదనుకోవద్దు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో తొంభై ఏళ్ల వయసున్న పదిమందితో 8 వారాలు కాళ్ల కండరాలకు బరువులతో వ్యాయామం చేయిస్తే, పూర్తి చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. ఇక ఒంటరితనం సంగతి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దానితో బాధపడుతున్నారని, అది ప్రాణాల మీదకు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. అంటే మీటింగులో చాప మీద చోటు కూడా ఆరోగ్యమే.

అందుకని మా సంఘం ఇలా తీర్మానించుకుంది:

1. అరవై నిండిన సభ్యురాలికి బ్యాంకు అప్పు రాకపోయినా, మీటింగులో చోటు, మాట ఉంటాయి.

2. ఇద్దరికి ఒక పెద్దమ్మ బాధ్యత. రెండు మీటింగులు వరసగా రాకపోతే ఇంటికి వెళ్లి చూడాలి.

3. నెలకోసారి అందరం కలిసి సబ్‌సెంటరుకు వెళ్లి బీపీ, షుగరు చూపించుకోవాలి. బాగానే ఉందని మాత్రలు సొంతంగా మానకూడదు.

4. మీటింగుకు ముందు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతనైనంతే, పక్కన ఒకరు ఉండగా.

5. ఇంట్లో అందరి తర్వాత మిగిలింది తినడం మానాలి. పప్పో, గుడ్డో, పాలో రోజూ ఉండాలి.

6. 70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించాలి.

పెద్దమ్మ ఇప్పుడు మళ్లీ వస్తోంది. బిందె బదులు చిన్న బకెట్టుతో నీళ్లు తెచ్చుకుంటోంది. మీటింగులో ఎవరు కిస్తీ ఎగ్గొట్టినా మాకంటే ముందు ఆమే అడుగుతోంది.

మా సంఘంలో ముగ్గురికి 45 దాటాయి. మిగతావాళ్లం వెనకే ఉన్నాం. రేపు మన పేరు ఎవరు కొడతారో అని భయపడే సంఘం మనకు వద్దు. ఈ సభ అయ్యాక ప్రతి సంఘమూ పాత పుస్తకాలు తీసి, కొట్టేసిన పేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఈ వారంలోనే ఆ ఇళ్లకు ఒకసారి వెళ్లి రండి.