మానవ భూగోళశాస్త్రం చదువు

మానవ భూగోళశాస్త్రం మనుషులకూ వారు బతికే చోటుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తుంది. 1882లో జర్మన్ పండితుడు ఫ్రెడరిక్ రాట్జెల్ రాసిన గ్రంథం దీనికి పునాది వేసింది. ప్రకృతే మనిషిని శాసిస్తుందన్న ధోరణిని ఫ్రాన్సులో విడాల్ ద లా బ్లాష్ ఒప్పుకోలేదు. ప్రకృతి అవకాశాలిస్తుంది, ఎంచుకునేది మనిషేనన్నాడు.

జనాభా, వలసలు, వ్యవసాయం, నగరాలు ఇందులో పాఠ్యాంశాలు. అన్నిటిలోకీ ఆసక్తికరమైనది కేంద్రస్థాన సిద్ధాంతం. 1933లో వాల్టర్ క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి దీన్ని చెప్పాడు. ఉప్పూ పప్పూ ఊళ్లోనే దొరుకుతాయి. నగలకో, పెద్ద వైద్యానికో దూరపు పట్టణానికి వెళ్లాలి. అందుకే చిన్న ఊళ్లు దగ్గరదగ్గరగా, పెద్ద పట్టణాలు దూరదూరంగా ఉంటాయి. సమతల నేలకు ఈ లెక్క బాగా సరిపోతుంది. కొండల్లో, తీరాల్లో తప్పుతుంది. ఎందుకు తప్పిందో వెతకడంలోనే విద్యార్థి నిజంగా నేర్చుకుంటాడు.

తరగతి గది ఒక్కటే ఈ చదువుకు చాలదు. విద్యార్థులు ఊళ్లకు వెళ్లి ఇంటింటి సర్వే చేస్తారు, ఆ వివరాలను జనగణన అంకెలతో పోలుస్తారు, భౌగోళిక సమాచార వ్యవస్థ (జీఐఎస్) సాఫ్ట్‌వేర్‌తో పటాలు గీస్తారు. 2011 జనగణనలో దేశ జనాభాలో సుమారు 31 శాతం పట్టణవాసులు. ఆ సగటు దాచేసే ప్రాంతీయ తేడాలు పటం మీద స్పష్టంగా కనిపిస్తాయి. తెలంగాణలోని పాలమూరు నుంచి పనికోసం వెళ్లే కూలీల వలస దారులను అర్థం చేసుకోవడానికీ ఇదే పద్ధతి.

తెలుగునాట ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో భూగోళశాస్త్రం బోధిస్తున్నారు. పట్టణ ప్రణాళిక, విపత్తు నిర్వహణ, ఉపాధ్యాయ వృత్తి ఈ పట్టా ఉన్నవారు ఎంచుకోగల రంగాలు.