తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి?



ఈవేళ వంటావార్పూ కాకుండా మరో ఇంటి సంగతి మీతో ముచ్చటించాలనుకుంటున్నాను. ఆ ఇంటికి గోడలు లేవు, గుమ్మం లేదు. తాళాలు మాత్రం ఉన్నాయి. అదే వెబ్‌సైటు. ఇప్పుడు మహిళామండళ్ళూ, పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్ముకునే సంఘాలూ కూడా సొంత వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నాయి. తెలిసిన కుర్రవాడెవరో తయారుచేసి ఇస్తాడు, మనం మురిసిపోతాం. ఆ తరవాత దాన్ని కనిపెట్టుకుని ఉండవలసింది మాత్రం మనమే.

మా మండలిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మేమంతా పిన్నిగారూ అని పిలిచే పెద్దావిడ మూడేళ్ళపాటు మా సైటులో ముగ్గుల గురించి రాశారు. చుక్కల లెక్క, ధనుర్మాసం ముగ్గులు, రథం ముగ్గు, అన్నీ. తెల్లవారుజామున వాకిట్లో ముగ్గు వేసి, ఫొటో తీసి ఆవిడే ఎక్కించేవారు. తరవాత కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇంక రాయరు కదా, పేరెందుకని మాలో ఒకావిడ పిన్నిగారిని యూజర్ల జాబితాలోంచి తీసేసింది. తీసేటప్పుడు ఒక ప్రశ్న వచ్చింది: ఈవిడ పేరున ఉన్నవన్నీ కూడా తీసెయ్యాలా, లేక మరొకరి పేరు మీదకు మార్చాలా అని. సరిగా చదవకుండానే మొదటిదాని మీద నొక్కేసింది. ఆ ఒకావిడను నేనేనని దాచకుండా మనవి చేస్తున్నాను.

పన్నెండో రోజున పిన్నిగారు ఫోన్ చేశారు. "మనవరాలికి నా ముగ్గులు చూపిద్దామంటే ఒక్కటీ కనబడటం లేదేమిటమ్మా?" అన్నారు. నా గుండె గుభేలుమంది.

మా సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తుంది. అమెరికాకు చెందిన మాట్ ముల్లెన్‌వెగ్, బ్రిటన్‌కు చెందిన మైక్ లిటిల్ కలిసి 2003 మే నెలలో దీన్ని విడుదల చేశారు. ఇది ఉచితం. సైటు పేరుకూ, దాన్ని ఉంచే చోటుకూ మాత్రం డబ్బు కట్టుకోవాలి. ఇందులో తీసేసిన వ్యాసాలు వెంటనే పోవు, మామూలుగా 30 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి. కనక పిన్నిగారి వ్యాసాలు దొరికాయి. అవి చిత్తుప్రతులుగా తిరిగి వచ్చాయి. ఆవిడ పేరు మళ్ళీ చేర్చి, ఒక్కొక్కటే ప్రచురించుకున్నాం. కాని ఫొటోలకు ఆ చెత్తబుట్ట ఉండదు. ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుంటే తప్ప, తీసేశామంటే పోయినట్టే. ఆవిడ పాత ఫోనును అప్పటికే మార్చేశారు. "పోనీలే అమ్మా, మళ్ళీ వేస్తాను" అన్నారు. కాని కింద కూర్చుని ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసే మోకాళ్ళు ఆవిడకు ఇప్పుడు లేవు.

ఆనాటినుంచి పట్టుదలగా నేర్చుకున్నాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నాకు పట్టుబడిందంటే మీ అందరికీ పట్టుబడుతుంది.

మొదట సెట్టింగులు చూద్దాం. జనరల్ అనే చోట సైటు పేరు, దాని కింద ఒక చిన్న పరిచయ వాక్యం ఉంటాయి. అక్కడే అడ్మినిస్ట్రేషన్ ఈమెయిలు ఉంటుంది. సైటుకు సంబంధించిన ముఖ్యమైన కబుర్లన్నీ దానికే వెళతాయి. తయారుచేసిన కుర్రవాడి ఈమెయిలే అక్కడ ఉండిపోతే, రేపతను ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళాక మనకు ఏ కబురూ అందదు. మండలి పేరున ఒక ఈమెయిలు తెరిచి అది ఇవ్వండి. కొత్త చిరునామాకు వచ్చే ఉత్తరంలోని లింకు నొక్కి ఖాయం చేస్తేగాని ఆ మార్పు అమలుకాదని గుర్తుంచుకోండి.

తరవాత టైమ్‌జోన్. అందులో కోల్‌కతాను ఎంచుకోండి. అది మార్చకుండా గ్రీనిచ్ లెక్కనే ఉంచితే, పొద్దున్న 6 గంటలకు రావాలని పెట్టిన ప్రకటన మన గడియారంలో పదకొండున్నరకు వస్తుంది. రీడింగ్ అనే చోట, వెతికేవాళ్ళకు ఈ సైటు చూపించవద్దు అని గూగుల్ వంటివాటికి చెప్పే గడి ఒకటి ఉంటుంది. సైటు కడుతున్నప్పుడు దానికి టిక్కు పెట్టి, ఆనక తీయడం మరిచిపోతారు. మన పచ్చళ్ళ పేరు ఎంత వెతికినా దొరకడం లేదంటే ముందు ఆ గడి చూడండి.

ఇక మనుషుల సంగతి. మన ఇళ్ళలో బీరువా తాళం ఒకరి దగ్గర, వీధి తలుపు తాళం ఇంకొకరి దగ్గర ఉంటుంది కదా! ఇక్కడా అంతే. సబ్‌స్క్రైబర్ తన వివరాలు మాత్రం చూసుకోగలదు. కంట్రిబ్యూటర్ రాయగలదు గాని ప్రచురించలేదు, ఫొటోలూ ఎక్కించలేదు. ఆథర్ తన వ్యాసాలు తానే ప్రచురించుకోగలదు, ఫొటోలు ఎక్కించగలదు. ఎడిటర్ అందరి రాతలనూ దిద్దగలదు. అడ్మినిస్ట్రేటర్ చేతిలో తాళాల గుత్తి అంతా ఉంటుంది.

చాలాచోట్ల మొహమాటానికి పోయి అందరినీ అడ్మినిస్ట్రేటర్లను చేస్తారు. అది మర్యాద కాదమ్మా, ప్రమాదం. నన్నే చూడండి. నాకు ఎడిటర్ పని ఇచ్చి ఉంటే పిన్నిగారి పేరు తీసే అధికారమే నాకు ఉండేది కాదు. అలాగని ఒక్కరి దగ్గరే ఉండటమూ మంచిది కాదు. ఇద్దరు ఉంటే చాలు. ఒకే పాస్‌వర్డును పదిమందీ వాడకండి; ఎవరి పేరు వారికి, ఎవరి పాస్‌వర్డు వారికి ఉండాలి. ఎవరైనా మానేస్తే పేరు తీయనక్కరలేదు, వారిని సబ్‌స్క్రైబరుగా మారిస్తే సరిపోతుంది. తీయక తప్పదంటే, వారి రాతలను మరొకరి పేరు మీదకు మార్చే రెండో మాటనే ఎంచుకోండి.

చివరగా బొమ్మలు. ఫోనులో తీసిన ఫొటో నాలుగైదు మెగాబైట్లు ఉంటుంది. అలాంటివి ఇరవై ఒకేచోట పెడితే, పల్లెలో సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్న అక్కకు ఆ పేజీ తెరుచుకునేలోపు పొయ్యిమీద పాలు పొంగిపోతాయి. వర్డ్‌ప్రెస్ ప్రతి ఫొటోకూ చిన్నవి, పెద్దవి నకళ్ళు తానే చేసుకుంటుంది. 150 పిక్సెళ్ళ చదరం ఒకటి, 300కు మించనిది ఒకటి, 1024కు మించనిది ఒకటి, ఇలాగ. అయినా ఫోనులోనే 1600 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి ఎక్కించడం మేలు. ఫైలుకు అంకెలు కాకుండా, అందులో ఏముందో తెలిసే పేరు పెట్టండి.

ఆల్ట్ టెక్స్ట్ అని ఒక గడి కనిపిస్తుంది. దాన్ని ఖాళీగా వదలకండి. చూపు లేనివారు ఫోను చదివి వినిపిస్తుంటే వింటారు. "ఎర్రమట్టి అలికిన వాకిట్లో రథం ముగ్గు" అని అక్కడ రాస్తే, ఆ ముగ్గు వాళ్ళకూ అందుతుంది. మరొక్క మాట. ఫొటోలో మనుషులు ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లలు ఉంటే, వారినీ పెద్దలనూ అడిగి మరీ పెట్టండి. ఫోను కెమేరాలో లొకేషన్ ఆపి ఫొటో తీయండి; లేకపోతే తీసిన చోటు వివరం ఫొటోలోనే దాగి ఉండవచ్చు.

వీటన్నిటికీ మించినది నకలు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. నెలకొకసారైనా సైటు మొత్తానికి, రాతలకూ ఫొటోలకూ కూడా, బ్యాకప్ తీసి వేరేచోట దాచండి. అదొక్కటి చేసి ఉంటే పిన్నిగారి ముగ్గులు ఇవాళ ఉండేవి. సైటు పేరుకు మళ్ళీ డబ్బు కట్టవలసిన తారీకును పాల లెక్కతోపాటు కేలండరు మీద రాసుకోండి.

మొన్న పిన్నిగారు ఒక ఫొటో పంపారు. ఆవిడ కుర్చీలో కూర్చుని చుక్కలు చెబుతుంటే, మనవరాలు కింద కూర్చుని ముగ్గు వేస్తోంది. ఆ ఫొటోకు ముందు నకలు తీసి దాచాను, ఆ తరవాతే సైటులో ఎక్కించాను.

మీ మండలి సైటు తాళంచెవులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఇవాళే కనుక్కోండి.